పెనుకొండలో రాళ్లు, నీళ్లు

మా పాఠశాలలోని పైతరగతి పిల్లలను వెంటబెట్టుకొని మొన్నటి ఫాల్గుణమున మేము పెనుకొండకు పోయి వచ్చితిమి. గుంతకల్లు నుండి ధర్మవరము మీదుగా బెంగుళూరునకు పోవు రైలుమార్గమున పెనుకొండ యొక స్టేషను. బండి దిగినవానికి ఊరికంటె ముందుగా కొండ కన్పట్టును. చెట్టుచేమ తక్కువ, ఎండకు మాడి నలుపెక్కిన గుండ్లు ఒకదానిమీద నొకటి దొంతిగా పేర్చినట్లుండును. పెనుకొండ యనగా పెద్దకొండ. సంస్కృతమున దీనినే ఘనగిరి యనిరి. పేరు పెట్టినవారు అలంకారముల జోలికి పోక కంటికి కన్పడినదే చెప్పిరి.

చారిత్రకస్థలములను చూడబోవుటలో మనవారి కొక పద్ధతి కలదు. గోపురము కన్పడగానే తల యెత్తుదురు. దారి చూపువాడు చెప్పిన కథను విని తల యూపుదురు. బొగ్గుతోనో గీటురాతితోనో తమ పేరును స్తంభముమీద చెక్కుదురు. చెట్టునీడను అన్నపుమూటలు విప్పుదురు. ఇంటికి వచ్చి, చూచితి మందురు. ఇరువదియేండ్లుగా పిల్లలకు చరిత్ర చెప్పుచున్న మేము ఈ పద్ధతికి వెలియైనవారము కాము. పేర్లు చెక్కలేదే కాని తక్కినవన్నియు చేసితిమి. అందుచే ఈ వ్యాసములో తప్పు పట్టబడువారిలో మేమును ఒకరమని చదువరులు గ్రహింతురు గాక.

పెనుకొండ చరిత్ర విజయనగరముతోనే మొదలైనదనుట పొరపాటు. గాంగరాజగు మాధవుని తామ్రశాసన మొకటి ఇచ్చట దొరకినది. అది క్రీస్తుశకము 5వ శతాబ్దమునాటిది. జైనులకు ఇది చిరకాలముగా పవిత్రస్థానము. పార్శ్వనాథుని ఆలయములో, వెనుక మెలికలు తిరిగిన సర్పముతో నిలిచియున్న ఆ తీర్థంకరుని మూర్తిని చూచి మా పిల్లలలో అల్లరిచేయువారు సైతము మాట తగ్గించిరి. తరువాత హొయసలులు, వారి వెనుక విజయనగరమువారు. మొదటి బుక్కరాయలు తన కుమారుడగు వీరవిరుపణ్ణ ఒడయరునకు ఈ సీమ నొప్పగించెననియు, మంత్రి అనంతరసు ఆధ్వర్యవమున 1354లో రాతికోట కట్టబడెననియు ఉత్తరపు వాకిలికడ శాసనము చెప్పుచున్నది. ఈ విరుపణ్ణ వేఱు, లేపాక్షి వీరభద్రాలయమును కట్టించిన విరుపణ్ణ వేఱు. రెండవవాడు అచ్యుతరాయల కాలమున, అనగా 1529కిని 1542కిని నడుమ, పెనుకొండలో కోశాధికారిగా నుండినవాడు. పరీక్షపత్రములలో ఈ యిద్దఱిని ఒక్కరిని చేయని విద్యార్థిని మేము ఇంతవఱకు చూడలేదు.

లేపాక్షి విరుపణ్ణ రాజద్రవ్యమును గుడికి వెచ్చించెనన్న నింద పడి, రాజాజ్ఞ రాకమునుపే తన కన్నులను తానే పెఱికి గోడకు కొట్టెనని కథ. గోడమీది యెఱ్ఱమరకలను ఈనాటికిని చూపుదురు. పెనుకొండలో తిమ్మరుసు కథ వినుడు: కృష్ణదేవరాయల కుమారుడు మరణింపగా అనుమానము ముసలిమంత్రిమీద పడెను, రాయలు ఆయనను చెఱలో పెట్టించి కన్నులు తీయించెను. చెఱయు అంధత్వమును పోర్చుగీసువాడగు న్యూనిజు వ్రాసిన వృత్తాంతములోనే యున్నవి. ఆ చెఱ పెనుకొండ యనుట జనశ్రుతి. ఒకే సీమలో రెండు కథలు. రెంటను రాజసేవకుల కన్నులే పోయినవి. కథలలో నిజమెంతయైనను, కొలువు చేసినవారి భయము మాత్రము అందులో దాగియున్నది. రాయల వైభవమును వర్ణించు నప్పుడు మనము ఈ భయమును చెప్పుట మఱతుము.

గగనమహలు చూచుటకు పోయితిమి. పేరు విని పిల్లలు ఆకాశమంటు మేడను ఊహించుకొనిరి. ఎదుట నున్నది రెండంతస్తుల కట్టడము. రాతిని సున్నముతో కలిపి కట్టి, గచ్చు పూసి తీర్చినది. క్రింద గదులు, వానికి కోసుగా కూడిన కమానులు. పైన దేవాలయవిమానమును బోలిన చిన్న శిఖరము. క్రింద సుల్తానుల రీతి, మీద మన గుడిరీతి. మే మెప్పటివలె తేదీలు చెప్పబోవుచుండగా ఒక బాలుడు, “అయ్యవారూ, ఈ కమానులు మసీదు మాదిరి ఉండాయే. దీన్ని కట్టించింది మన రాజులేనా?” అని యడిగెను.

మేము కొంతసేపు మాటాడలేదు. ఏలయన, అంతకు మూడు వారములముందే తరగతిలో రక్కసితంగడి యుద్ధమును మే మెట్లు చెప్పితిమో జ్ఞప్తికి వచ్చినది. ఒకవైపు హిందువులు, ఒకవైపు తురకలు, నడుమ గోడ. బాలుని ప్రశ్న ఆ గోడకు తగిలినది. హంపి విధ్వంసము జరుగలేదని మేము చెప్పబోము. 1565 జనవరి 23వ తేదీ యుద్ధమున అళియ రామరాయలు శిరస్సు కోల్పోయెను. మహానగరము నెలలతరబడి దోపిడికి లోనైనది. ఇది సత్యము. కాని సత్యము ఇంతటితో ముగియదు. ఆ యుద్ధమునకు నూఱేండ్లకు పైబడి పూర్వమే రెండవ దేవరాయలు ముసల్మాను రౌతులను కొలువున చేర్చుకొనెను. హంపిలోని కమలమహలు, ఏనుగుసాలలు ఈ కమానులకు అన్నగార్లే. గోలకొండను ఏలిన ఇబ్రహీం కుతుబుషాహి రాజ్యము రాకమునుపు దాదాపు ఏడేండ్లు రామరాయల యాశ్రయమున విజయనగరములో తలదాచుకొన్నవాడు. తరువాత అతడు తెలుగుకవులకు మల్కిభరాముడై, అద్దంకి గంగాధరుని తపతీసంవరణోపాఖ్యానమునకు కృతిభర్త యయ్యెను. అతని ఉద్యోగి అమీనుఖానునకు పొన్నిగంటి తెలగన యయాతిచరిత్రము నంకిత మిచ్చెను. అచ్చతెనుగు కావ్యములలో అది మొదటిది! ఆ ఇబ్రహీమే రక్కసితంగడిలో రామరాయల కెదురుగా నిలిచెను. రాజ్యములు కలహించుటయు, మనుష్యులు కలసియుండుటయు ఒకే కాలమున జరుగుచుండెను.

యుద్ధానంతరమున రామరాయల తమ్ముడు తిరుమలరాయలు రాజకుటుంబముతో పెనుకొండ చేరెను. 550 ఏనుగులమీద ధనరాసుల నెక్కించి తెచ్చెనని చెప్పుదురు. వసుచరిత్రమునకు కృతిపతి ఈయనయే. కాని రామరాయల కుమారునికిని ఈ పినతండ్రికిని పొసగలేదు. పినతండ్రిమీదికి కుమారుడు బిజాపురపు సాయమును కోరెను. పినతండ్రి అహమ్మదునగరమువైపు చేయి చాచెను. నిన్నటి శత్రువు నేటి ఆశ్రయము. మతమే యీ చరిత్రకు తాళపుచెవి యైనచో ఇంటిలోని యీ తలుపు తెఱచుకొనదు. ఇంత మాత్రము ఆ బాలునికి చెప్పి, తరగతిలో మేము చెప్పినది సగమే యని యొప్పుకొంటిమి. పిల్లలకు మా యొప్పుదల నచ్చినట్లు తోచినది. ఉపాధ్యాయుడు తప్పిదమును ఒప్పుకొనుట వారికి కోటకంటె వింతగా నుండెను కాబోలు.

ఊరిలో బాబయ్య దర్గాకును పోయితిమి. బాబా ఫక్రుద్దీను తిరుచిరాపల్లి నత్తరువలీ శిష్యుడనియు, గురువిచ్చిన పండ్లుతోము పుల్లను నాటగా ఎచ్చట చిగిర్చిన నచ్చట నిలువుమని యాజ్ఞ యయ్యెననియు, అది పెనుకొండలో చిగిర్చెననియు ఐతిహ్యము. హిందువులు, ముసల్మానులు కలసియే వచ్చుచున్నారు. ఈ మిట్టలో ఎండుపుల్ల చిగిర్చుట యన నెంత కోరికయో ఇచ్చట పుట్టినవారికే తెలియును. నైరుతివాన పడమటికనుమలకు తగిలి చాలభాగ మచ్చటనే కురిసిపోవును. ఈశాన్యపువాన తూర్పుతీరము నుండి ఇంతదూరము వచ్చుసరికి అలసిపోవును. సాలీనా వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు కురిసిన యేడు మాటయే.

రాజధానిగా పెనుకొండ చాలకాలము నిలువలేదు. 1577లో బిజాపురపు అలీ ఆదిల్షా ముట్టడించి లాభము లేక మరలెను. 1589లో గోలకొండ మహమ్మదు కులీ కుతుబుషా వచ్చెను. అప్పటి రాయలు వేంకటపతి సంధి మాట లాడి, దొరికిన మూడు దినముల వ్యవధిలో కోటలోనికి ధాన్యమును, తుపాకివారిని చేర్చుకొనెను. ఇంతలో వానలకాలము దగ్గఱపడెను. కృష్ణ పొంగినచో తిరుగుదారి మూసికొనునను భయముతో ముట్టడి విడిచిరి. ఎన్నడును వానను నమ్ముకొనరాని పెనుకొండను, ఎక్కడనో కురియబోవు వాన యొకసారి కాపాడినది! 1592 ప్రాంతమున రాజధాని చంద్రగిరికి మాఱెను. అటుపిమ్మట బిజాపురమువారు, మరాఠాలు, హైదరు, టిప్పు. 1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయ కంపెనీకి ఒప్పగింపగా దత్తమండలము లయ్యెను. ఆ దీనమైన పేరును వదలి రాయలసీమ యనుట 1928లో నంద్యాల సభనాటి మాట. 1882 నుండి అనంతపురము జిల్లాలో నుండిన పెనుకొండ, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది.

మధ్యాహ్నమునకు పిల్లల సీసాలలో నీరు నిండుకొన్నది. కొండమీది నరసింహస్వామి గుడివఱకు ఎక్కుదమని ఉబలాటపడినవారే నీడ వెదకుకొని కూలబడిరి. అప్పుడు ఒక బాలిక, రైతుబిడ్డ, “అయ్యవారూ, రాజులు, ఏనుగులు, గుఱ్ఱాలు, అంత దండు... వాళ్లంతా యా నీళ్లు తాగినారు?” అని యడిగెను. ఆనాడు మేము విన్న ప్రశ్నలలో ఇది శ్రేష్ఠమైనదని మా తలంపు. చరిత్రగ్రంథములలో ఏనుగుల లెక్క కలదు. అవి త్రాగిన నీటి లెక్క లేదు.

పూర్తిగా లేదనుటయు తప్పే. ఇప్పటి కర్ణాటకమున గౌరీబిదనూరు ప్రాంతములో 1388నాటి శాసన మొకటి కలదు. రెండవ హరిహరరాయల కుమారుడు ప్రతాపబుక్కరాయలు పెనుకొండ పట్టణమున నుండి యేలుచుండెను. జీవులకు నీరే ప్రాణము గావున, ప్రజలెల్లరు సుఖముగా నుండవలెనను తలంపుతో ఆయన నిండుకొలువులో సింగయభట్టును పిలిచి, హెన్నె నదిని పెనుకొండకు తేవలసినదని యాజ్ఞాపించెనట. హెన్నె యనగా మన పెన్నయే. కన్నడమున పకారము హకార మయినది. సింగయభట్టునకు ఆ శాసనమిచ్చిన బిరుదములు రెండు: దశవిద్యలలో నిపుణుడు, జలసూత్రము నెఱిగినవాడు. ఆయన కాలువను త్రవ్వించి సిరువెర చెఱువునకు చేర్చి, దానికి ప్రతాపబుక్కరాయమండల కాలువ యని పేరిడి, శాసనము వ్రాయించెను.

ఈ శాసనమును గూర్చి మేము చాలకాలము క్రిందటనే చదివియుంటిమి. చదివియు తరగతిలో ఒక్కనాడును చెప్పలేదు. ఏల? పరీక్షలో అడుగరు. రాయలకు రాణు లెందఱో అడుగుదురు. జలసూత్రజ్ఞు డెవ్వడో అడుగరు. నందిపర్వతముల వైపున పుట్టి వచ్చు ఏటిని, కొండలు గుట్టల నడుమ, వాలు తప్పకుండ ఇంత దూరము నడిపించుటకు ఎంత లెక్క కావలెను! గజమునకు వెంట్రుకవాసి వాలు తక్కువైన నీరు నిలిచి మేటవేయును. ఎక్కువైన గట్టు కోసికొనిపోవును. యంత్రములు లేవు. నీటిమట్టమును కన్నులతో, త్రాటితో, అనుభవముతో కొలువవలెను. అట్టివాని నొకని నిండుకొలువులో పేరుపెట్టి పిలిచిన ప్రభుత్వము కొంతమేరకైనను గౌరవింపదగినది.

కాలువకు రాజు పేరు పెట్టిరి. త్రవ్వినవారి పేర్లు పెట్టలేదు. వారిని గూర్చిన జాడ యొకటి మఱియొకచోట దొరకును. కడపజిల్లా పోరుమామిళ్ల చెఱువుకడ 1369నాటి సంస్కృతశాసన మున్నది. మొదటి బుక్కని కుమారుడు, ఉదయగిరి నేలిన భాస్కరుడు వేయించినది. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లకు నూఱు బండ్లు, రెండేండ్లు పని యని అందు కలదు. కూలీల సంఖ్యను రాతిమీద కెక్కించిన శాసనములు మన కెన్ని యున్నవి? అదే శాసనము మంచి చెఱువునకు పండ్రెండు అంగములను, ఆఱు దోషములను చెప్పుచున్నది. అంగములలో జలశాస్త్ర మెఱిగిన బ్రాహ్మణు డొకడు. దోషములలో కట్టనుండి నీరు ఊరుట యొకటి, చవుడునేల యొకటి. రెండురాజ్యముల పొలిమేరలో చెఱువుండుట మఱియొకటి. ఈ కడపటి దోషమును చదివినప్పుడు, నేడు రెండు రాష్ట్రములలో పాఱవలసిన పెన్న తలంపునకు రాకమానదు.

ఈ సీమలో ఊళ్ల పేర్లే చెఱువుల చరిత్ర చెప్పును. మొదటి బుక్కని మంత్రి చిక్కవొడెయరు పండమేరు ఏటికి అడ్డుకట్ట వేసి, కట్ట యొకకొనను బుక్కరాయసముద్రమును, రెండవకొనను అనంతసాగరమును నెలకొల్పెననియు, ఆ అనంతసాగరమే అనంతపురమయ్యెననియు చెప్పుదురు. పట్టణమునకు చెఱువు కాదు, చెఱువునకు పట్టణము! ఆ కట్ట తెగినప్పుడు ముసలమ్మ యను కోడలు గండిలో ప్రాణములర్పించెనను కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా రచించిరి. కావ్యము కరుణరసభరితమే. కాని ఆ కథను పిల్లలకు చెప్పునప్పుడు మేము ఒక మాట చేర్చుచుందుము: గండి పూడునది మట్టితో, రాతితో, ఊరివారి చెమటతో, ఇంటికోడలి ప్రాణముతో కాదు. కట్టను ఏటేట బాగుచేయుట మానిన గ్రామపెద్దల తప్పును, నోరులేని స్త్రీ తన ప్రాణముతో తీర్చవలసివచ్చినదని చెప్పినచో కథకు నిజమైన పేరు పెట్టినట్లగును. ఇందుకు మాతో వాదించిన పెద్దలు కలరు. ఆ స్త్రీ త్యాగమును తక్కువచేయుచున్నారని వారి యాక్షేపణ. త్యాగమును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. త్యాగము నడుగువారిని చూడు డనుటయే.

కోటలకును నీటికిని గల సంబంధమును గుత్తి చక్కగా చూపును. ఆ దుర్గమును ఎక్కి పట్టుకొనుట దుర్లభము. మురారిరావు దానినుండి హైదరలీని ఎదిరించెను. ఫిరంగులకు లొంగని కోట 1776లో నీరు నిండుకొని లొంగిపోయెను.

పెనుకొండకు మరల వత్తము. అన్నముతిన్న పిమ్మట ఒక శిథిలాలయము లోనికి పోయితిమి. దాని పేరు చెప్పము. మూలవిరాట్టు లేదు. పీఠము క్రింద నిలువులోతు గొయ్యి. గునపపు గాట్లు క్రొత్తవి. ద్వారపాలకుని పాదములవద్ద పగులగొట్టిన రాతి పెచ్చులు. నిధికొఱకు త్రవ్విరని పిల్లలు వెంటనే గ్రహించిరి. వారిలో నొకడు మెల్లగా, “ఆ 550 ఏనుగుల సొమ్ము ఈడనే పూడ్చినారా, అయ్యవారూ?” అనెను. వాని కన్నులలో మెఱపు మాకు నచ్చలేదు. నచ్చకపోవుటకు హక్కును మాకు లేదు. ఏనుగుల సొమ్మును గూర్చి వానికి చెప్పినది మేమే. ఎంత యుత్సాహముతో చెప్పితిమో! సింగయభట్టును చెప్పక ఏనుగులను చెప్పినచో వినినవాడు గునపము పట్టడా?

అందుచే ఆ గొయ్యియొడ్డుననే కూర్చుండి మిగిలిన కథ చెప్పితిమి. తిరుమలరాయ లెంత ధనము తెచ్చినను, అది సైన్యములకు, సంధులకు, దాయాదుల పోరునకు చాలలేదు. సొమ్మంతయు పూడ్చి కూర్చున్నచో ఆయన వెనుకటివారు 1577లో ఏమి పెట్టి పోరాడిరి? ఆ నిధి యెప్పుడో జీతములై, గుఱ్ఱములై, తుపాకిమందై పోయినది. పీఠముల క్రింద నున్నది మట్టియే. పిల్లవాడు నమ్మెనో లేదో చెప్పజాలము. గొయ్యిలోనికి ఒక రాయి విసరి, లోతు విని, ఊరకుండెను.

సాయంకాలము ఎఱ్ఱమంచి వైపు పోయితిమి. కోటవాకిళ్లలో నొకదానికి ఆ ఊరిపేరే. ఆ ఎఱ్ఱమంచి కడనే 2019 నుండి కొరియాదేశపువారి కార్ల కర్మాగారము పని చేయుచున్నది. దానికి నీ రెక్కడిదని ఇప్పుడు పిల్లలే ముందుగా అడిగిరి. శ్రీశైలము వెనుకనీటినుండి మల్యాలకడ కృష్ణను ఎత్తిపోసి, మెట్టుమెట్టుగా ఈ మిట్టకు తెచ్చు హంద్రీనీవా కాలువ గొల్లపల్లి జలాశయమునకు 2016 చివర చేరినది. 1589లో ఏ కృష్ణ పొంగునని గోలకొండవారు భయపడిరో, ఆ కృష్ణయే నేడు మరల కొండ లెక్కి పెనుకొండ పొలిమేరకు వచ్చినది. నాడు ఏటిని వాలునబెట్టి తెచ్చిరి; నేడు విద్యుత్తుతో ఎత్తుచున్నారు. ఎత్తిన నీరు చేనికెంత, కర్మాగారమున కెంత, ఊరికెంత యను ప్రశ్న వచ్చినది. ఆ బాలికయే వేసినది. ఆమె తండ్రి వేరుసెనగ సాగుచేయువాడు. ఆమె అడిగిన తీరున, నిండుకొలువులో అడుగదగిన ప్రశ్న అది.

రాబోవు సెలవులలో గౌరీబిదనూరు వైపు పోయి ఆ శాసనమును కన్నులార చూడవలెనని పిల్లలు పట్టుపట్టిరి. అనుమతి, ఖర్చు, తలిదండ్రుల సమ్మతి మున్నగునవి యున్నవి, చూడవలెను. కాలువజాడ ఎచ్చటనైన మిగిలియున్నదా యని ఒక మేకలకాపరిని వారు అడుగగా, అతడు నవ్వి, “నీళ్లొచ్చిన జాడంటే చెబుతా గానీ, నీళ్లు లేని జాడ ఎట్ల చెప్పేది?” అని మందను తోలుకొనిపోయెను. బండి వచ్చుటకు ఇంకను అరగంట యుండెను. స్టేషనులో కుళాయికడ జనము బారు తీరియుండిరి. మా పిల్లలు సీసాలు పట్టుకొని ఆ బారు చివరన నిలుచుండిరి.